దుబాసి మింగిన మాట

సంపూర్ణకు నాలుగు పరదేశపు భాషలు వచ్చు. వచ్చు అని ఒక్క ముక్కలో అనేస్తాం గానీ, వచ్చినవాటిని పోకుండా కాచుకోవడం ఎంత యాతనో ఆ పిల్లనే అడగాలి. ఇటాలియన్ దగ్గర నాలుగు రోజులు కూర్చుంటే జర్మన్ అలుగుతుంది. జర్మన్‌ను బుజ్జగించి వచ్చేసరికి ఫ్రెంచ్ ముఖం చాటేస్తుంది. ఇక ఇటాలియన్, స్పానిష్ ఒకే పోలికలున్న అక్కచెల్లెళ్ళు. ఒకదాన్ని పిలిస్తే రెండోది పలుకుతుంది. నాలుగింటికీ రోజూ ఇంత మేత వేయకపోతే చెప్పాపెట్టకుండా ఒక్కొక్కటే వెళ్ళిపోతాయి.

ఇటాలియన్ ఆమెకు ఆటల్లోనే అబ్బింది. భద్రాచలం నుంచి చర్ల వెళ్ళే రోడ్డులో ఉన్న మిషన్ కాంపౌండులో ఆమె తండ్రి ఆదాము ఉపదేశి. అంటే, ఫాదరు వెళ్ళలేని అడవి ఊళ్ళకు సైకిలు మీద వెళ్ళి జపాలు నేర్పే మనిషి, పెళ్ళికీ చావుకీ ముందు నిలబడి ప్రార్థన చెప్పించే మనిషి. అప్పటి ముసలి ఫాదరు ఇటలీ దేశస్థుడు. వంటింటి గడప మీద కూర్చోబెట్టుకుని సంపూర్ణకు తన భాష నేర్పాడు. పక్కనే కూరగాయలు తరుగుతూ ఆదాముకూ నాలుగు ముక్కలు ఒంటబట్టాయి గానీ, ఆయన్నెవరు పట్టించుకున్నారు! జర్మన్ ఆస్పత్రిలో ఉండి వెళ్ళిన ఒక సిస్టరు పెట్టిన భిక్ష. ఫ్రెంచ్, స్పానిష్ మాత్రం హైదరాబాదులో హాస్టల్లో ఉండి నేర్చుకుంది. అక్కడి కంపెనీ ఒకటి రాతపరీక్ష పెట్టి, బాగా రాశావంది. ఇక నాలుగు భాషల్లోనూ ఫోనులో మాట్లాడించి చూడటమే తరువాయి, ఉద్యోగం చేతికొచ్చినట్టే అనుకుంది సంపూర్ణ. సరిగ్గా అప్పుడే, రెండువేల ఏడు జనవరిలో, ఆదాము గుడిగంట కొడుతూ కొడుతూ తాడు పట్టుకునే కూలిపోయాడు.

పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు, వాటితోపాటు మాట. అడవి ఊళ్ళన్నిటికీ ప్రార్థన చెప్పించిన నోరు ఒక పక్కకు వంగిపోయి, మూలుగు తప్ప ఇంకేమీ రాకుండా అయింది. ఖమ్మంలో పెద్ద దవాఖానాలో కొన్నాళ్ళు ఉంచి, ప్రాణానికి భయం లేదని ఇంటికి పంపారు. సంపూర్ణ సంచీ సర్దుకుని వచ్చేసింది. కంపెనీవాళ్ళను బతిమాలితే, కొత్త పని దీపావళి దాటాకే మొదలవుతుంది, ఫోను అప్పుడే చేస్తాం, ఈలోగా భాషలు పోగొట్టుకోకమ్మా అన్నారు.

పోగొట్టుకోకుండా ఎలా ఉండడం? తెల్లారితే తండ్రికి ముఖం కడగడం, జావ తాగించడం, బట్టలు మార్చడం. ఆ తర్వాత మిషన్ బడిలో పాఠాలు చెప్పడం. వచ్చాక మళ్ళీ తండ్రి కాళ్ళూ చేతులూ రుద్దడం. నోరు ఖాళీగా ఉండేది ఒక్క సాయంత్రం జపమాల వేళే. కతోలికుల ఇళ్ళలో అది తప్పనిది. జపమాలలో ఐదు భాగాలు. ఒక్కో భాగానికి పది మంగళవార్త జపాలు, తెలుగులో అయితే "దేవ వరప్రసాదము చేత" అని మొదలయ్యేవి. ముందు సగం ఒకరు చెబితే, వెనక సగం మిగిలినవాళ్ళు అందుకోవాలి. ముందు సగం చెప్పే చోటు ఎప్పుడూ ఆదాముది. ఆయన పడిపోయాక అది సంపూర్ణకు వచ్చింది. రాగానే ఆ పిల్లకు ఉపాయం తట్టింది. మొదటి భాగం ఇటాలియన్‌లో, రెండోది జర్మన్‌లో, మూడోది ఫ్రెంచ్‌లో, నాలుగోది స్పానిష్‌లో చెప్పడం మొదలుపెట్టింది. ఐదోది తెలుగుకు వదిలింది. వారం తిరగకముందే, స్పానిష్ వెనకాలే చెప్పి చూస్తే గానీ ఇటాలియన్ కల్తీ అయిందో లేదో తెలియదని, ఐదోది కూడా ఇటాలియన్‌కే ఇచ్చేసింది. దేవుడికి అన్ని భాషలూ వచ్చు కదా అని ఒక సాకు. తల్లి తెరేజమ్మ చదువుకోని మనిషి. బిడ్డ చదువు మీద ఆమెకు గుడిమీద ఉన్నంత గురి. ఏ భాషలో చెప్పినా జపం జపమే అనుకుంది.

ఇంతవరకు అయితే సరేలే అనుకోవచ్చు. అసలు తప్పు ఫిబ్రవరిలో జరిగింది.

ఆ నెలలో మిషన్ ఆస్పత్రికి ఇటలీ నుంచి డాక్టర్ల బృందం వచ్చింది. ఏ రోగి ఏమన్నా డాక్టరుకు చెప్పేదీ, డాక్టరు ఏమన్నా రోగికి చెప్పేదీ సంపూర్ణే. ఆ బృందంలో లూచియా అనే నడివయసు ఆవిడ, మాట పోయినవాళ్ళకు మాట తెప్పించడం ఆవిడ పని. ఆదాము వంతు వచ్చినప్పుడు, సొంత తండ్రికీ సంపూర్ణే దుబాసి అయింది.

లూచియా ఆదాము నోటిలోకి చూసింది, చేతులు పట్టుకుని ఏవేవో చేయించింది. ఆ తర్వాత సంపూర్ణ వైపు తిరిగి నెమ్మదిగా ఇటాలియన్‌లో చెప్పింది. "ఈయనకు అంతా అర్థమవుతోంది. మాటే దారి తప్పింది. ఇలాంటివాళ్ళకు కంఠతా వచ్చినవే ముందు తిరిగొస్తాయి. జపాలు చెప్పించే మనిషి కదా, రోజూ సాయంత్రం జపమాల పెట్టుకోండి. ఆయన సొంత భాషలోనే. ఇంకో భాష కలపొద్దు. మొదలుపెట్టేది ఆయనే కావాలి. ఎంతసేపు పట్టినా మీరు నోరు మూసుకుని ఎదురుచూడండి. ఈ మొదటి నెలలు చాలా విలువైనవి, ఇప్పుడు నాటుకున్నదే నిలుస్తుంది."

తెరేజమ్మ ఆత్రంగా కొంగు నలుపుతూ అడిగింది. "ఏమంటుంది బిడ్డా?"

సంపూర్ణ గుటక మింగింది. "నాయినకు అన్ని సమజైతున్నయట అమ్మా. రోజు పొద్దుమీకి జపమాల చెప్పాల్నట. చెప్పంగ చెప్పంగ మాట వస్తదట."

అంతే! సొంత భాషలోనే అన్న ముక్క, మొదలుపెట్టేది ఆయనే అన్న ముక్క, రెండూ గొంతులోకి జారిపోయాయి. పొద్దుటినుంచి వాగి వాగి అలిసిపోయానని తర్వాత తనకు తానే సర్దిచెప్పుకుంది గానీ, అలసటా లేదు గిలసటా లేదు. ఆ మాట చెవిన పడగానే సాయంత్రం పూట అరగంట తన చేయి జారిపోతుందని ఆమెకు చటుక్కున తోచింది, నోరు దానంతటదే దాటవేసింది. దీపావళి దాకానే కదా, ఆ తర్వాత అంతా తెలుగే అనుకుంది. ఊళ్ళోవాళ్ళ మాటలన్నీ పొల్లు పోకుండా దాటించిన దుబాసి, కన్నతండ్రి దగ్గరికి వచ్చేసరికి మాట మింగేసింది.

డాక్టరమ్మే చెప్పాక ఇంకేముంది! తెరేజమ్మకు జపమాల మందైపోయింది. ఇప్పపూలు రాలే రోజుల్లో ఏరడానికి పోయినా, పొద్దు వాలకముందే పరుగున వచ్చి దీపం పెట్టేది. అడవి గూడెం నుంచి పగిడయ్య రోజూ వచ్చి ఆదామును లేపి దిండుకు ఆనించి కూర్చోబెట్టేవాడు. పగిడయ్య కోయవాడు, ఆదాముతో కలిసి అడవంతా తిరిగిన దోస్తు. జపాలతో ఆయనకు పని లేదు, దోస్తు పక్కన కాసేపు కూర్చుంటే ఆయనకు చాలు.

వెనక సగం అందుకునేవాళ్ళు లేకపోతే మందు పనిచేయదని తెరేజమ్మకు భయం పట్టుకుంది. ఆ పరదేశపు మాటలన్నీ నేర్చుకోవడానికి సిద్ధపడింది. దేవుని తల్లివైన మరియమ్మా అనే ఆ వెనక సగాన్నే "సాంతా మరీయా మాద్రె ది దియో" అని పొయ్యి ఊదుతూ, "హైలిగె మరీయా" అని బోరింగు కొడుతూ, తునికాకు కట్టలు కడుతూ వల్లెవేసేది. నాలిక తిరగక, ఒక్కోసారి ఏడుపొచ్చి, మళ్ళీ మొదలుపెట్టేది. "గీ ఫ్రెంచిది ముక్కుల మాట్లాడాల్నా ఏందే?" అని అడిగి నవ్వేది. సంపూర్ణ తల వంచుకుని దిద్దేది. నిజం చెప్పాలంటే, తల్లి వల్లెవేస్తున్న ప్రతిసారీ ఆమెకు గుండెలో ముల్లు గుచ్చుకునేది. గుచ్చుకున్నా నోరు తెరిచి చెప్పిందా అంటే, లేదు.

ఆదివారాలు తండ్రికి గడ్డం గీసేటప్పుడు మాత్రం నోరు తెరిచేది. మాట రాని మనిషి ముందు ఎంత కక్కుకుంటే ఎవరికి తెలుస్తుంది? "ఫోను చేస్తరట నాయినా. నాలుగు భాషలు ఒక్కటేసారి అడుగుతరట. దీంట్ల నుంచి దాంట్లకు దుంకమంటరు. పొద్దుగాల లేస్తే ఒక్క మాట యాదికి వస్తలేదు. ఇదిగిన పోతే ఇగ నేను ఈడ్నే." సబ్బు నురగలోంచి ఆదాము కళ్ళు ఆమెనే చూసేవి. ఒకసారి ఎడమ చేత్తో ఆమె మణికట్టు పట్టుకుని, చాలాసేపు వదల్లేదు. కత్తి తగిలిందేమోనని సంపూర్ణ చెంప తడిమి చూసింది.

జూలైలో ఒక ముసురు సాయంత్రం రెండో భాగం నడుస్తోంది. సంపూర్ణ జర్మన్‌లో ముందు సగం చెప్పి ఆగింది. తెరేజమ్మ అందుకునే లోపల మంచం మీంచి గరగరమంటూ ఒక గొంతు వచ్చింది.

"హై...లిగె... మరీ...యా..."

తెరేజమ్మ చేతిలో జపమాల కింద పడింది. పగిడయ్య ఎగిరి దూకాడు. "ఆదామన్న మాట్లాడిండు! ఓ వదినె, మా అన్నకు నోరొచ్చింది!" అని వానలోనే బయటికి ఉరికి కాంపౌండంతా చాటింపు వేశాడు. పది నిమిషాల్లో ఇల్లు నిండిపోయింది. రోడ్డవతలి ప్రార్థన మందిరం పాస్టరు జాషువా కూడా తడుస్తూ వచ్చాడు.

ఆదాము ఆగలేదు. జర్మన్ అయింది, ఫ్రెంచ్ అయింది, స్పానిష్ అయింది. తడబడుతూ, తొట్రుపడుతూ, ప్రతి దానికీ వెనక సగం అందుకున్నాడు. జాషువా చేతులెత్తేశాడు. "ఇది అన్యభాషల వరం తల్లీ! నేర్వని భాషలు పలికించే పరిశుద్ధాత్మ దిగొచ్చింది!" వచ్చినవాళ్ళంతా మోకాళ్ళ మీద కూలబడ్డారు. తెరేజమ్మ నేల మీద సాగిలపడి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆర్నెల్ల కరువు తీరినట్టు ఏడ్చింది.

అప్పుడు పగిడయ్య మంచం దగ్గర కూర్చుని ముఖంలో ముఖం పెట్టి అడిగాడు. "అన్నా, నేనెవర్ని? నా పేరు జెప్పు."

ఆదాము నోరు తెరిచాడు. మెడ నరాలు ఉబ్బాయి. పెదవులు అదిరాయి. చివరికి వచ్చింది, "మాద్రె... ది దియో."

ఎవరో కిసుక్కుమన్నారు. పగిడయ్య ముఖం చిన్నబోయింది. "నా పేరొక్కటి తప్ప దునియాల ఉన్నయన్ని వస్తున్నయి గదనే నీకు!" అన్నాడు. తెరేజమ్మ కళ్ళు తుడుచుకుని ముందుకు వంగింది. "నన్ను పిలువు. తెరేజా అను. ఒక్కసారి అను." ఆదాము కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ ఆ పేరు రాలేదు. నీళ్ళు కావాలా అంటే రాలేదు, నొప్పా అంటే రాలేదు. అన్నిటికీ ఆ పరదేశపు ముక్కలే వచ్చాయి.

సంపూర్ణ దొడ్లోకి పోయి వాన కింద నిలబడింది. ఇప్పుడు నాటుకున్నదే నిలుస్తుంది అని లూచియా అన్న మాట చెవుల్లో గింగురుమంది. తండ్రి నోటిలో తెలుగు మొలవాల్సిన చోట ఎవరు ఏం నాటారో ఆమెకు తప్ప ఆ ఇంట్లో ఇంకెవరికీ తెలియదు. జనమేమో అద్భుతం అంటున్నారు. మర్నాటినుంచి తైలం సీసాలు పట్టుకుని రావడం మొదలుపెట్టారు, ఆదాము చెయ్యి వేయించుకుపోవడానికి. తెరేజమ్మ అందరికీ టీ పెట్టి ఇచ్చేది. "ఇయ్యాల గీ మాట వచ్చింది, రేపు మన మాట గూడ వస్తది" అని అందరికీ చెప్పేది.

ఆగస్టులో గోదావరి పొంగి రోడ్డు మునిగింది. జనం రాకపోకలు ఆగాయి. ఒక సాయంత్రం ఇంట్లో ముగ్గురే ఉన్నారు. సంపూర్ణ ఇక తట్టుకోలేక మొదటి భాగం తెలుగులో ఎత్తుకుంది. రెండు మాటలు కూడా కాలేదు, ఆదాము ఎడమ చేత్తో మంచం పట్టె మీద టకటకా కొట్టాడు. ఆమె ఆగి, మళ్ళీ తెలుగులోనే మొదలుపెట్టింది. మళ్ళీ కొట్టాడు. ముఖం చిట్లించి తల అడ్డంగా ఊపాడు. ఇటాలియన్‌లోకి మారగానే చెయ్యి ఆగింది.

ఇగో, నాయినకే తెలుగు పడటం లేదు, నేనేం చేయను అనుకుంది సంపూర్ణ. అనుకున్నాక లోపల ఎక్కడో చల్లబడింది కూడా. ఆ చల్లదనానికి ఆ రోజే సిగ్గుపడింది. సిగ్గుపడుతూనే ఫ్రెంచ్ అందుకుంది.

దీపావళి వెళ్ళిన వారానికి కంపెనీ నుంచి కబురొచ్చింది. గురువారం పొద్దున మిషన్ ఆఫీసు ఫోనుకు చేస్తారు. అదే వారం మంగళవారం లూచియా మళ్ళీ వచ్చింది.

పగిడయ్య, తెరేజమ్మ చెరో పక్క పట్టుకుని ఆదామును ఆస్పత్రి వరండాలో కూర్చోబెట్టారు. లూచియాను చూడగానే ఆదాము ముఖం వెలిగింది. "సాంతా మరీయా, మాద్రె ది దియో" అన్నాడు, ఈసారి దాదాపు తడబడకుండా. లూచియా తనను పలకరిస్తున్నాడనుకుని పకపకా నవ్వింది. తెరేజమ్మ కూడా గర్వంగా నవ్వింది. తర్వాత లూచియా సంచీలోంచి దువ్వెన తీసి చూపించింది. "ఇదేమిటో ఆయన భాషలో అడుగు" అంది. సంపూర్ణ అడిగింది. ఆదాము నోరు మెదిలి ఆగిపోయింది. గ్లాసు చూపించింది. లేదు. భార్యను చూపించింది. లేదు. లూచియా ముఖంలో నవ్వు మెల్లగా కరిగింది.

"ఇంట్లో జపమాల ఏ భాషలో చెప్పారు?" అని అడిగింది.

సంపూర్ణ ఇంకో అబద్ధం ఆడి ఉండవచ్చు. ఇద్దరి మధ్యా ఉన్నది తానొక్కతే కదా, ఎవరు పట్టుకుంటారు? కానీ తండ్రి ఆమెనే చూస్తున్నాడు. "మీ భాషలో. జర్మన్‌లో, ఫ్రెంచ్‌లో, స్పానిష్‌లో. నాకు పరీక్ష ఉంది" అంది. ఎంతో కష్టపడి నేర్చుకున్న ఇటాలియన్‌లో, ఒక్క తప్పు లేకుండా అంది.

లూచియా దువ్వెన తీసి సంచీలో పెట్టేసింది. కేకలు వేసినా బాగుండేది. "ఆ రోజు నేను చెప్పింది మళ్ళీ చెబుతాను. ఒక్కో వాక్యం. నువ్వు అమ్మకు చెప్పు" అంది.

ఒక్కో వాక్యం. సంపూర్ణ ఒక్కో వాక్యం తల్లికి చెప్పింది. ఆయన సొంత భాషలోనే. ఇంకో భాష కలపొద్దు. మొదలుపెట్టేది ఆయనే. మొదటి నెలలే విలువైనవి. ఆమె గొంతు ఆమెకే పరాయిదిలా వినిపించింది.

తెరేజమ్మ నిదానంగా అడిగింది. "గీ మాట ఇప్పుడు చెప్తుందా, అప్పుడే చెప్పిందా?"

"అప్పుడే చెప్పిందమ్మా."

తెరేజమ్మ కొంగుతో ఆదాము మూతి తుడిచింది. "ఇగ మాట వస్తదా రాదా, అది అడుగు."

అడిగింది. "ఆలస్యమైంది. రాదని మాత్రం అనను. ఈ రోజే మొదలుపెట్టండి" అంది లూచియా. ఆ మాటను సంపూర్ణ ఉన్నదున్నట్టు చెప్పింది.

ఆటోలో తెరేజమ్మ ఆదామును తన భుజానికి ఆనించుకుని కూర్చుంది. ఇంటికి వచ్చి, పొయ్యి ముందు కూర్చుని, పుల్ల విరిచి, అప్పుడు అంది. "నాకు చదువు రాదు గనక నీ నోటిని నమ్మిన. ఆ మాటలు నేర్వనీకె నా నాలిక ఎంత గుంజుకపోయిందో నీకెర్క లేదా? నీ ముంగటనే గద నేర్చిన. మందు అనుకొని నేర్చిన్నే, ఆయనకు మందు అనుకొని!"

"తప్పయింది అమ్మా." సంపూర్ణ తల్లి కాళ్ళ దగ్గర కూలబడింది.

"నాకెందుకు చెప్తవ్? ముసలి ఫాదరు ఎంబడి ముప్పై ఏండ్లు తిరిగిండు మీ నాయిన. ఆ డాక్టరమ్మ అన్నది ఆయనకు సమజ్ కాలేదనుకున్నవా?"

సంపూర్ణ తల ఎత్తింది. వంటింటి గడప, కూరగాయలు తరిగే తండ్రి, ఆయన విని నవ్వుకునే ఇటాలియన్ ముచ్చట్లు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఫిబ్రవరిలో ఆ గదిలో తాను మింగిన మాట ముగ్గురిలో ఇద్దరికి తెలుసన్నమాట. ఆయన ఆ రోజునుంచీ అంతా తెలిసే మంచం మీద ఉన్నాడు. తెలిసే గడ్డం గీయించుకున్నాడు.

పొద్దు వాలింది. పగిడయ్య వచ్చి ఆదామును లేపి కూర్చోబెట్టాడు. తెరేజమ్మ దీపం పెట్టి, జపమాల తీసి భర్త ఎడమ చేతిలో పెట్టింది. "ఇయ్యాల్టి నుంచి నువ్వే మొదలువెట్టాలె. మన తెలుగుల." బిడ్డ వైపు చూడకుండానే అంది, "నువ్వు నోరు తెరవకు."

సంపూర్ణ గోడకు ఆనుకుని కూర్చుంది. ఆదాము ఆమె వైపు చూశాడు. ఆమె మొదలుపెడుతుందని చూశాడు. ఆమె పెదవులు బిగించుకుంది. దూరాన రోడ్డు మీది పోలీసు క్యాంపులో జనరేటరు రొద తప్ప ఇంకే చప్పుడూ లేదు. ఆదాము మంచం పట్టె మీద టకటకా కొట్టాడు, ఆగస్టులో కొట్టినట్టే. ఎవరూ కదల్లేదు. ఆయన తల అడ్డంగా ఊపాడు. నోరు మెలితిరిగింది.

"బి...డ్డ."

తెరేజమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది. పగిడయ్య లేచి నిలబడ్డాడు.

"బిడ్డ... ఫో...ను." ఆదాము వేలు సంపూర్ణ వైపు చూపించింది. చెమటలు పట్టాయి. ఎక్కడి నుంచి తవ్వి తెస్తున్నాడో గానీ, తెచ్చాడు. "ఫోను... అయి...నంక."

పగిడయ్యకు అర్థం కాలేదు. "ఏ ఫోను అన్నా?" అన్నాడు. తల్లీ బిడ్డలకు మాత్రం అర్థమైంది. ముందు బిడ్డ ఫోను కానీ, తెలుగు ఆ తర్వాత చూద్దాం అంటున్నాడు. ఆగస్టులో పట్టె మీద కొట్టింది తెలుగు పడక కాదు. ఆదివారం ఆదివారం ఆమె కక్కిన భయమంతా ఆయన దాచుకున్నాడు. రావాల్సిన తన మాటను పక్కకు పెట్టి, ఆమె భాషలకు వెనక సగం అందిస్తూ వచ్చాడు, చిన్నప్పుడు ఆమె సైకిలు నేర్చుకుంటుంటే వెనక పట్టుకుని ఉరికినట్టు. పెళ్ళాం పేరు పలకలేక కళ్ళనీళ్ళు పెట్టుకున్నా సరే, తెలుగును పక్కకే పెట్టాడు. ఇన్ని నెలల తర్వాత ఆయన నోట వచ్చిన మొదటి తెలుగు మాటలు కూడా ఆమె కోసమే ఖర్చయ్యాయి.

సంపూర్ణకు నేల చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. తల్లి వైపు చూసింది. తెరేజమ్మ ముఖంలో పొద్దుటి కోపం లేదు. దానికన్నా కోపమే నయం.

ఆమె మోకాళ్ళ మీద మంచం దగ్గరికి వెళ్ళి తండ్రి చెయ్యి పట్టుకుంది. "ఫోను అయిపోయింది నాయినా" అంది. "పొద్దుగాల్నే వచ్చింది. మంచిగ మాట్లాడిన. నాలుగు భాషలు మంచిగ వచ్చినయి. ఇగ వాటితోని పని లేదు."

ఫోను రావలసింది ఎల్లుండి. ఆ సంగతి తెరేజమ్మకు తెలుసు. ఆమె దీపం వత్తి ఎగదోసింది.

ఆదాము బిడ్డ ముఖంలోకి చాలాసేపు చూశాడు. నమ్మాడో, నమ్మినట్టు ఊరుకున్నాడో చెప్పలేం. ఆయన బొటనవేలు మెల్లగా కదిలి మొదటి పూస మీద ఆగింది. గొంతు సవరించుకున్నాడు.

"దే..." అన్నాడు. అక్కడ ఆగిపోయాడు. మళ్ళీ "దే..." అన్నాడు.

తర్వాతి అక్షరం సంపూర్ణ నాలిక చివరన ఉంది. అందిద్దామని ప్రాణం కొట్టుకుంది. ఆమె నోరు మూసుకుని ఎదురుచూసింది.